ముందు నీ వేలు

"ముందు నువ్వు పొడుచుకో. నొప్పి లేదంటే నేను చెయ్యిస్తాను."

పొద్దున్నే ఆమె భర్త నోట వచ్చే మొదటి మాట ఇదే. ఏడాదిగా ఒక్క రోజు తప్పలేదు. ఆఫీసులో పదిమందిని నిలబెట్టి పని చేయించే మనిషి, గడ్డం గీసుకుంటూ చెంప తెగితే ఈల వేసుకుంటూనే కాగితం ముక్క అంటించుకునే మనిషి, ఈ బుల్లి సూది కనబడేసరికి మాత్రం చేతులు వెనక్కి దాచుకుంటాడు. అందుకని ముందు ఆమె తన వేలు పొడుచుకోవాలి. ఎర్రటి చుక్క పైకి తేలాక, "చూడండి, చీమ కుట్టినట్టు కూడా లేదు" అంటూ వేలు అతని మొహం ముందు పెట్టాలి. అప్పుడతను ఒక కన్ను తెరిచి చూసి, గొప్ప త్యాగం చేస్తున్నవాడిలా ఎడమ చెయ్యి చాపుతాడు. కొత్త సూది అతనికి. నిన్నటి సూది ఆమెకి. ఎలాగూ పారేసేదే కదా అని అతనే చేసిన ఏర్పాటు అది. షుగరు చూసే స్ట్రిప్పు అతని చుక్కకే. ఆమె చుక్కని ఆమె వంటింటి గుడ్డకి తుడిచేసుకుంటుంది. మిషను అంకె చూపిస్తే దాన్ని ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాస్తుంది. అతను వచ్చి, పరీక్ష పాసైన పిల్లాడిలా చదువుకుంటాడు.

"నూట పద్దెనిమిది! చూశావా, ఎలా కంట్రోల్లో పెట్టానో."

పెట్టాను అంటాడు చూడండి, అక్కడ ఆమెకి ఒళ్లు మండుతుంది. షుగరు అతనిదే కానీ కంట్రోలు ఎవరిది? అతనికి షుగరని తేలిన రోజు అత్తగారు మంచం ఎక్కి ఏడ్చింది. బంధువులంతా ఫోన్లు చేశారు. అతన్ని పలకరించి, వెంటనే ఫోను ఆమెకిమ్మని, "జాగ్రత్తగా చూసుకో అమ్మా, ఇక అంతా నీ చేతుల్లోనే ఉంది" అని ఒకరి తర్వాత ఒకరు అప్పజెప్పారు. ఆ మర్నాటి నుంచి ఇంట్లో రెండు వంటలు. అతనికి నూనె లేనిది, అత్తగారికి ఉన్నది. మూడో మనిషికి మూడో వంట లేదు, గిన్నెల్లో ఏది మిగిలితే అదే. సాయంత్రం అతను నడకకి వెళ్లాలి. ఒక్కడే వెళ్లాలంటే విసుగు. అందుకని పనిలోంచి కాళ్లీడ్చుకుంటూ వచ్చిన ఆమె చెప్పులు విప్పకుండానే తోడు వెళ్లాలి. మాత్ర గుర్తు చేయాలి. మరిచిపోతే, "నువ్వు గుర్తు చేయలేదు" అన్న మాట పడాలి. ఏ రోజైనా అంకె నూట నలభై దాటిందా, ఇక ఆ పూటంతా ఇల్లు కోర్టే. "నిన్న కూరలో ఏం వేశావు? నిజం చెప్పు."

ఈ హడావుడిలోనే ఆమె ఒంట్లో కూడా ఏవేవో మొదలయ్యాయి. మొదట దాహం. సీసాకి సీసా తాగినా నాలుక పిడచ కట్టుకుపోయేది. తాగిన నీళ్లన్నీ గంటకోసారి లేపేవి. ఆ తర్వాత మెడ. మెడ వెనక మడతల్లో చర్మం నల్లబడి, ముతకగా తయారైంది. అది ముందు అత్తగారి కంట పడింది. "ఏం మెడ అమ్మాయ్ అది? మట్టి కొట్టుకుపోయినట్టుంది. నలుగురిలో పనిచేసే దానివి, కాస్త రుద్దుకోకూడదూ?" అంది. ఆమె రుద్దుకుంది. గిన్నెలు తోమే పీచుతో, తోలు లేచి మంట పుట్టేదాకా రుద్దుకుంది. నలుపు పోలేదు. మెడ కనబడకుండా జుట్టు కిందికి ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చిక్కిపోయింది. "ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావు. నా తిండి నీకూ కలిసొచ్చింది" అని భర్త మురిసిపోయాడు. మడమ మీద చెప్పు కరిచిన పుండు రెండు నెలలైనా మానలేదు. అది ఎవరికీ కనబడదు కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంకొకటుంది, ఎవరికీ చెప్పుకోలేనిది. కాళ్ల మధ్య విడవని దురద, మంట. మందుల షాపులో మగపిల్లలుంటారని అడగలేక, ఏదో పౌడరు అద్దుకుని పంటి బిగువున రోజులు లాగింది. భర్తకి తెలిసింది, తెలియక ఎలా ఉంటుంది. అతను మొహం చిట్లించి, "కాస్త శుభ్రంగా ఉండటం నేర్చుకో" అని దిండు తీసుకుని ముందుగదిలోకి పోయాడు. ఆ మాటకి ఆమె ఏం చేసిందో తెలుసా? క్షమించమని అడిగింది. రోజూ ఇంటా బయటా చాకిరీ చేసే ఒళ్లు, ఒక చుక్క నెత్తురు పొద్దున్నే అతని ధైర్యానికి పెట్టుబడి పెట్టే ఒళ్లు, అలా ఉన్నందుకు క్షమించమని అడిగింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమెకి భర్త మీద కన్నా ఆ మాట అన్న తన నోటి మీదే ఎక్కువ కోపం వస్తుంది.

చీమల సంగతి చెప్పకపోతే కథ పూర్తి కాదు. స్నానాలగదిలో కమోడు చుట్టూ చీమలు పట్టాయి. "సరిగ్గా కడగటం లేదు" అని అత్తగారు తేల్చేసింది. భర్త మాత్రం హడలిపోయాడు. చీమలొచ్చాయంటే ఒంటేలులో షుగరు పోతోందని ఆఫీసులో ఎవరో చెప్పారట. మూడు రోజులు పూటపూటకీ పరీక్ష చేయించుకున్నాడు. పూటపూటకీ ముందు ఆమె వేలే. అన్ని అంకెలూ బంగారంలా వచ్చాయి. "చీమలకేం తెలుసు" అని అతను గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. ఆమె చీమల మందు చల్లి, గది కడిగింది. ఆ గది వాడేది ఇంట్లో ఇంకెవరెవరని ఆ ఇంట్లో ఒక్కరికీ, ఆమెతో సహా, తోచలేదు.

మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ డాక్టరు వరసగా అడిగేవాడు. దాహం ఎక్కువగా ఉందా, నిద్రలో లేవాల్సి వస్తోందా, చూపు మసకబారుతోందా, పుండ్లు మానకుండా ఉంటున్నాయా, నీరసమా, దురదలా? భర్త కాలు మీద కాలేసుకుని, "లేదండీ, లేదండీ" అని దర్జాగా చెప్పేవాడు. ఆమె పక్కన కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, అన్నిటికీ లోపల్లోపల అవుననుకునేది. కానీ అవి ఆమెని అడిగిన ప్రశ్నలు కావు. తనవి కాని ప్రశ్నలకి జవాబు చెప్పే అలవాటు ఆమెకి లేదు. "మేడం బాగా చూసుకుంటున్నారు" అని డాక్టరు మెచ్చుకుంటే, నవ్వేసి బయటికి వచ్చేది.

ఆమె పనిచేసేది కళ్లజోళ్ల షాపులో. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాల పట్టిక చదివించి, అద్దం మార్చి అద్దం పెట్టి నంబరు రాయడం, తర్వాత ఆ అద్దాల్ని ఫ్రేములో బిగించడం ఆమె పని. షాపు యజమాని మాటకి ముందొక జోకు వేస్తాడు. బాత్రూము పై అంతస్తులో ఉంది, తాళంచెవి అతని గల్లాపెట్టెలో ఉంటుంది. వెళ్లాల్సి వచ్చినప్పుడల్లా అడగాలి. "మళ్లీనా? ఆ తాళం మెళ్లో వేసుకుని తిరుగు తల్లీ" అనేవాడు, కస్టమర్ల ముందే. వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. మగవాడు టీకని బయటికి వెళ్లి అరగంటకి వస్తే జోకు ఉండదు గానీ, ఆడది బాత్రూముకి వెళ్లొస్తే మాత్రం షాపు షాపంతా వినోదమే. జోకులు పడలేక ఆమె పగలు నీళ్లు మానేసింది. గొంతు ఎండి మాట తడబడితే, చిన్న మంచు ముక్క నోట్లో పెట్టుకునేది.

ఒకరోజు ఒక పెద్దాయన అద్దాలు తిరగబడి బిగిసి వెనక్కి వచ్చాయి. తర్వాతి వారం ఇంకో జత. బిగించే ముందు అద్దం మీద గీత చూసి గుర్తు పెట్టినప్పుడు ఆమెకి ఆ గీతే రెండుగా కనబడింది, ఆ మాట చెబితే కొలువుకే మోసం. యజమాని ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టి, "చదువు" అన్నాడు. ఆమె పై వరస నుంచి చీమ తలకాయంత ఉండే చివరి వరస దాకా ఒక్క అక్షరం తప్పకుండా చదివేసింది. "చూపు బ్రహ్మాండం. బుర్రే ఇంట్లో వదిలేసి వస్తున్నావు" అని అతను తీర్పు చెప్పాడు. పదకొండేళ్లుగా రోజుకి ముప్పైసార్లు వింటున్న పట్టిక అది, నిద్రలో లేపి అడిగినా ఆమె ఒప్పజెబుతుంది. నిజానికి ఆమెకి కనబడింది పై నాలుగు వరసలే. కిందివన్నీ నోటి నుంచి వాటంతటవే వచ్చాయి. వచ్చేశాక, కనబడ్డాయేమోననే ఆమె కూడా అనుకుంది. బాగానే ఉన్నానని చెప్పడం అంతగా అలవాటైపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకి ఒకావిడ వచ్చింది. ఆమె ఈడుదే, చేతిలో రెండు సంచులు, మొహాన ఆదరాబాదరా. "ఈ జోడు పొద్దున బాగుంటుందండీ, సాయంత్రానికి అంతా అలుక్కుపోతుంది. మార్చి పెట్టండి" అంది. ఇలాంటివాళ్లకి చెప్పమని యజమాని నేర్పిన మాట ఒకటుంది. చూపు పూటకోలా మారుతున్నప్పుడు అద్దాలు చేస్తే అవి తిరిగి వచ్చి షాపు మెడకే చుట్టుకుంటాయి. అందుకని ఆమె ఎప్పటిలాగే చెప్పింది.

"చూపు నిలకడగా లేకపోతే ముందు షుగరు చూపించుకు రండి. అది కుదుటపడ్డాకే అద్దాలు."

"నాకా? అబ్బే, మా ఇంట్లో షుగరు మా ఆయనకండీ" అంది ఆవిడ.

"ఇంటికి ఒక్కరికే రావాలని రాసిపెట్టి ఉందా అండీ?" అనేసింది ఆమె. అన్నాక ఆ మాట తనకే తగిలింది. ఈ మాట ఎంతమందికి చెప్పి ఉంటుందో. డ్రైవర్లకి, టీచర్లకి, ముసలివాళ్లకి, పెళ్లి కావాల్సిన పిల్లలకి. నీళ్లు ఎక్కువ తాగుతున్నారా అని అడిగేది కూడా. అడుగుతూ నోట్లో మంచు ముక్క చప్పరించేది. ఎదుటావిడ ఇంకా ఏదో అంటోంది. ఆమెకి వినబడలేదు. మెడ వెనక్కి చెయ్యి పోయింది. మురికి కాదది. ఇన్ని నెలలుగా తోలు ఊడేలా తోమింది మురికిని కాదు.

మర్నాడు పొద్దున, "ముందు నువ్వు" అని భర్త కళ్లు మూసుకున్నాడు. ఆమె చేతులు శుభ్రంగా కడుక్కుని, తుడుచుకుని, కొత్త సూది బిగించి తన వేలు పొడుచుకుంది. చుక్క తేలింది. దాన్ని గుడ్డకి తుడవలేదు. స్ట్రిప్పు అంచుకి ఆనించింది. మిషను అయిదు అంకెలు లెక్కపెట్టి ఆగింది.

రెండు వందల ఎనభై ఆరు. పరగడుపున.

"నాకు రెండు వందల ఎనభై ఆరు వచ్చింది" అంది ఆమె.

"ఏమిటి వచ్చేది?" అని అతను కళ్లు తెరిచాడు. "నువ్వెందుకు పెట్టుకున్నావు? చెయ్యి కడుక్కుని ఉండవు. టీలో పంచదార కలిపిన చేత్తో పెడితే అంతే వస్తుంది."

ఆమె అతని కళ్లెదుటే మళ్లీ సబ్బుతో కడుక్కుంది. ఇంకో వేలు పొడుచుకుంది. రెండు వందల తొంభై ఒకటి.

అత్తగారు గది గుమ్మంలోంచి, "మిషను చెడిపోయిందేమోరా" అంది. వెంటనే అతని వేలు పొడిచారు. నూట పదహారు. మిషను చెడిపోలేదని తల్లీ కొడుకూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. మిషను చెడిపోకపోతే ఆ రెండు అంకెలూ నిజమే కదా అన్న ముక్క దగ్గరికి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ రాలేదు.

"ఇప్పుడు నువ్వు కూడా మొదలుపెట్టకు" అన్నాడు అతను, సగం నవ్వుతూ. "ఇద్దరం పడకేస్తే ఇల్లెవరు చూస్తారు? శుక్రవారం నా చెకప్ ఉందిగా, అప్పుడు చివర్లో ఓ మాట అడుగుదాంలే."

చివర్లో ఓ మాట. సామాను కొన్నాక కొసరు అడిగినట్టు. ఆమెకి ఆ క్షణాన చేతిలో ఉన్న మిషను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. అందులో ఆమె అంకెలున్నాయి. షాపుకి వెళ్లి సెలవడిగితే, "శుక్రవారం ఎలాగూ మీ ఆయన కోసం తీసుకున్నావుగా, రెండు పనులూ ఒకేసారి కానియ్" అన్నాడు యజమాని. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ భర్త ఒక్కసారైనా, ఎలా ఉంది అని అడుగుతాడేమోనని ఆమె చూసింది. నడకకి తోడు రమ్మన్నాడు. కూరలో ఉప్పు తగ్గిందన్నాడు. అత్తగారు, "కంగారుపడకు, మన ఆడవాళ్లకి ఇవన్నీ వస్తుంటాయి పోతుంటాయి" అంది. పోతుంటాయి అన్న మాటకి ఆమె వెనక్కి తిరిగి, "ఎక్కడికి పోతాయి అత్తయ్యా?" అని అడిగింది. గట్టిగానే అడిగింది. అత్తగారు విననట్టు టీవీ పెట్టుకుంది.

శుక్రవారం డాక్టరు ఎప్పటిలాగే భర్త చెయ్యి పట్టుకుని బీపీ చూశాడు, కాగితం చూశాడు, మెచ్చుకున్నాడు. తర్వాత మిషను తీసుకుని మీటలు నొక్కుతూ పాత అంకెలు చూడసాగాడు. ఒక్కసారి మొహం మారింది.

"ఇదేమిటండీ? సోమవారం రెండు వందల ఎనభై ఆరు, వెంటనే రెండు వందల తొంభై ఒకటి! కాగితంలో రాయలేదే? ఏం తిన్నారు ముందు రోజు? ఇలా అయితే మందు పెంచాల్సిందే" అని కలం తీశాడు.

భర్త తెల్లబోయాడు. నటన కాదు, నిజంగానే తెల్లబోయాడు. ఆమె వైపు తిరిగి, "సోమవారమా? ఆదివారం ఏం పెట్టావే నాకు?" అన్నాడు.

ఆమె అతని కళ్లలోకి చూసింది. దాచడం లేదు, బుకాయించడం లేదు. మరిచిపోయాడు. తన కళ్లెదుట రెండుసార్లు పొడుచుకున్న వేళ్లు, ఆ అంకెలు, నాలుగే రోజుల్లో శుభ్రంగా మరిచిపోయాడు. కావాలని చేసి ఉంటే ఆమెకి అంత కోపం వచ్చేది కాదేమో. కావాలని చేయాలన్నా ముందు ఆమె గుర్తుండాలి కదా.

"ఆ మందు రాయకండి డాక్టరుగారూ" అంది ఆమె. "ఆయనకి షుగరు పడిపోతుంది. అవి ఆయనవి కావు, నావి."

"మీవా?"

"నావే. దాహం ఉంది. నిద్రలో నాలుగుసార్లు లేస్తాను. చూపు పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. మడమ మీద పుండు రెండు నెలలుగా మానలేదు. మెడ వెనక నల్లబడింది. చిక్కిపోయాను. కింద దురద, మంట. బాత్రూముకి చీమలు పట్టాయి. మీరు మూడు నెలలకోసారి ఈయన్ని అడుగుతారే, అవన్నీ నాకున్నాయి. నేను ఈ కుర్చీలోనే కూర్చుని విన్నాను."

"కింద దురద" అన్న చోట భర్త తల దించుకున్నాడు. ఏడాదిలో అతను సిగ్గుపడటం ఆమె అప్పుడే చూసింది, అదీ పరాయి మగవాడు విన్నాడని.

డాక్టరు కలం కింద పెట్టాడు. కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు. ఏ వేలు పొడుచుకున్నారు, ఎలా అని అడిగాడు. నిన్నటి సూది సంగతి విని, "ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకూడదని తెలీదా?" అని భర్త మీద గొంతు పెంచాడు.

"భార్యాభర్తలమే కదండీ" అన్నాడు భర్త.

"రక్తానికి ఆ చుట్టరికం తెలీదు" అని డాక్టరు కాగితం మీద కాగితం రాశాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష, మూత్రపిండాల పరీక్ష, పాదాలు, ఆ పంచుకున్న సూది కోసం ఇద్దరికీ రక్త పరీక్షలు. మందు ఈ రోజే మొదలుపెట్టాలన్నాడు. కంటి లోపలి పొర ఇవాళే చూపించుకోవాలని, పక్క భవనంలోకి వెళ్లమన్నాడు. అద్దాలతో పోయేదైతే సరే, కాకపోతే ఆలస్యం చేయకూడదన్నాడు.

బయట వరండాలో భర్త గడియారం చూసుకున్నాడు. "ఇవన్నీ ఇవాళే ఎందుకు? భోజనం వేళ దాటితే నాకు పడిపోతుంది, నీకు తెలుసుగా."

"తెలుసు. క్యాంటీను కింద ఉంది, వెళ్లి తినండి" అంది ఆమె. "నేను మాత్రం అన్నీ అయ్యాకే వస్తాను. షాపులో కూడా చెప్పేస్తాను. అత్తయ్యకి ఫోను చేయండి, వంట సంగతి ఆవిడా మీరూ చూసుకోండి."

"అమ్మకి ఏమని చెప్పను?"

"నాకు షుగరని చెప్పండి. అంత పెద్ద మాట కాదు, నోరు తిరుగుతుంది."

అతను వెళ్లలేదు. ఏం చేయాలో తోచక ఆమె వెంటే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. కంట్లో చుక్కలు వేశారు. కాసేపటికి గోడలు, మనుషులు, వరసగా ఉన్న కుర్చీలు అన్నీ వెలుగులో కరిగిపోయాయి. నర్సు అట్ట మీద కాగితం పెట్టుకుని వచ్చి, "మీరిప్పుడు చదవలేరు, నేనడుగుతాను చెప్పండి" అని ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. వయసు. పని. ఎన్నాళ్లుగా ఇబ్బంది. భర్త పేరు. ఏడాది కింద భర్త కోసం ఇలాంటి కాగితమే ఆమె నింపింది. అతన్ని చూసుకునే మనిషెవరన్న గడిలో ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తన పేరు రాసింది.

"ఇంట్లో మిమ్మల్ని చూసుకునేవాళ్లు ఎవరమ్మా?"

"రాయండి, నేనే, భర్తని" అన్నాడు అతను, కుర్చీలో కాస్త నిటారుగా అయి.

"ఆగండి" అంది ఆమె నర్సుతో. "ఆయన భర్త. అది పైన రాశారు కదా. ఇక్కడ అడిగింది చూసుకునేవాళ్లని."

"మరి ఎవరని రాయను?"

ఆమెకి నర్సు మొహం కనబడటం లేదు. పక్కనున్న మనిషి కూడా ఒక మసక ఆకారమే. అటు తిరగలేదు.

"నా పేరే రాయండి" అంది. "ఇవాళే చేరాను."